ఫైలు ఆర్‌లోకి చేరకముందే పాడవుతోంది

సంపాదకులకు నమస్కారం.

చదువు, ఉద్యోగాల పేజీల్లో డేటా ఎనలిటిక్స్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘ఆర్ నేర్చుకోండి’ అన్న సలహా కనిపిస్తోంది. సలహా మంచిదే. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ గణాంక భాష 1.0.0 వెర్షన్‌గా 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఆనాటి నుంచీ ఉచితమే. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కానీ మన డిగ్రీ, పీజీ ప్రాక్టికల్స్‌లో ఎక్కువ భాగం ఐరిస్, ఎంటీకార్స్ అనే రెండు పట్టికల మీదే సాగిపోతున్నాయి. మొదటి దానిలో 150 పూల కొలతలు, రెండో దానిలో 32 కార్ల వివరాలు. ఇవి ఆర్‌తో పాటే వస్తాయి, ఎక్కడి నుంచీ తెచ్చుకోనక్కర్లేదు. ఒక్క గడి ఖాళీ ఉండదు, ఒక్క అంకె చెదరదు. వాటి మీద రిగ్రెషన్ వేయడం వచ్చిన విద్యార్థికి మన మండలం ఫైలు ఒకటి ఇస్తే, దాన్ని ఆర్‌లోకి ఎక్కించడం దగ్గరే ఆగిపోతాడు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఎక్కిందనుకుని తప్పు డేటా మీద లెక్కలు వేసేస్తాడు. స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ చెప్పే అధ్యాపకులుగా ఈ మొదటి మెట్టు గురించి వివరంగా రాస్తున్నాం. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాసినా కంప్యూటర్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. చిన్న, పెద్ద అక్షరాల తేడాను ఆర్ పట్టించుకుంటుంది. ఉదాహరణకు కింద వచ్చే యాజ్.డేట్‌లో డి, కాల్‌క్లాసెస్‌లో రెండో సి పెద్దవి.

అసలు చెడు చాలావరకు ఆర్‌లో జరగదు, అంతకుముందే ఎక్సెల్‌లో జరుగుతుంది. సీఎస్‌వీ ఫైలంటే ఉత్త అక్షరాలు, మధ్యలో కామాలు. ఏది తేదీ, ఏది అంకె, ఏది పేరు అన్న సమాచారం అందులో ఉండదు. డౌన్‌లోడ్ చేసిన సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కగానే ఎక్సెల్ ఆ పని తనంతట తాను ఊహించి చేసేస్తుంది. హైదరాబాద్ ఇంటి నంబరు 3-6-10 అని ఉందనుకోండి, ఎక్సెల్ దాన్ని 2010 జూన్ 3 చేసేస్తుంది. పొలం సర్వే నంబరు 10/2 ఉంటే ఫిబ్రవరి 10 అవుతుంది. 112/2 తేదీగా కుదరదు కాబట్టి అలాగే మిగులుతుంది. అందుకే ఒకే కాలమ్‌లో కొన్ని నంబర్లు సరిగా ఉండి కొన్ని తేదీలైపోతాయి. పై నాలుగు వరుసలు చూసి ‘బాగానే ఉంది’ అనుకునే వాళ్లకు ఇది దొరకదు. సేవ్ చేస్తే తెర మీద కనిపించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది. 10/2 ఇక తిరిగి రాదు.

సున్నాతో మొదలయ్యే కోడ్లకు ముందు సున్నా పోతుంది. 12 అంకెల నంబరు ఉన్న కాలమ్ తెర మీద 1.23457ఈ+11 లాగా మారుతుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే వేలాది నంబర్లు ఒకే నంబరుగా మిగిలిపోతాయి. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి అంకెలను ఎక్సెల్ సున్నాలు చేసేస్తుంది. ఇది మన దగ్గరి గుమస్తాలకే జరిగే పొరపాటు కాదు. మానవ జన్యువుల్లో సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేస్తుంటే, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020 నాటికి ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ల్యాబులు పంపిన కొవిడ్ ఫలితాలను ఎక్సెల్ పాత ఫైలు రూపమైన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, వాళ్లను కలిసినవాళ్లను వెతికే పని ఆలస్యమైంది. ఇప్పటి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో హద్దు 10,48,576 వరుసలు. ఓటర్ల జాబితాకో పింఛన్ల జాబితాకో అదీ చాలదు.

కాబట్టి మొదటి నియమం: వచ్చిన ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. ‘ముడి’ అని ఒక ఫోల్డరు పెట్టి, ఫైలును అందులో వేసి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టండి. లోపల ఏముందో చూడాలంటే నోట్‌ప్యాడ్ చాలు. కామాలతో విడిపోయిందా, సెమీకోలన్‌తోనా, ట్యాబ్‌తోనా, పైన శీర్షికలు ఎన్ని వరుసలు తిన్నాయి అన్నది అక్కడే తెలుస్తుంది. ఎక్సెల్‌లోనే చూడాలంటే డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, టైపులను గుర్తించవద్దన్న ఎంపిక పెట్టుకోవాలి. దిద్దుబాట్లన్నీ ఆర్ స్క్రిప్టులోనే రాయాలి. అప్పుడు ఏం మార్చామో ఆర్నెల్ల తర్వాత కూడా చదవవచ్చు, పొరపాటైతే ముడి ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆర్‌లోకి వస్తే విండోస్ వాడేవాళ్లకు ఎదురయ్యే మొదటి అడ్డంకి దారి, అంటే ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చెప్పే చిరునామా. ఎక్స్‌ప్లోరర్ నుంచి కాపీ చేసిన చిరునామాలో బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి. ఆర్‌లో బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేకమైన అర్థం ఉంది. సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డరు చిరునామాను అలాగే అతికిస్తే బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద యూ పడి, అది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పద్ధతి) అక్షరం అనుకుని ఆర్ ఎర్రర్ ఇస్తుంది. వాటిని మామూలు స్లాష్‌లుగా మార్చండి, లేదా ఒక్కొక్క చోట రెండేసి పెట్టండి. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని వస్తే గెట్‌డబ్ల్యూడీ కొట్టి ఆర్ ఇప్పుడు ఏ ఫోల్డరులో ఉందో, లిస్ట్.ఫైల్స్ కొట్టి అక్కడ ఏ పేర్లు ఉన్నాయో చూడండి. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి మీరు డేటా.సీఎస్‌వీ అనుకున్నది నిజానికి డేటా.సీఎస్‌వీ.టీఎక్స్‌టీ అయి ఉండటం తరచూ జరుగుతుంది.

ఇక ఎక్కించే కమాండు. రీడ్.సీఎస్‌వీ అని ఫైలు పేరు ఒక్కటే ఇస్తే చాలని చాలా పాఠాల్లో ఉంటుంది. మేమైతే మొదటిసారి ఎక్కించేటప్పుడు కాల్‌క్లాసెస్ దగ్గర క్యారెక్టర్ అని ఇచ్చి, అన్ని కాలమ్‌లనూ అక్షరాలుగానే తెచ్చుకోమని చెబుతాం. రెండు నిమిషాల పని పెరుగుతుంది, నిజమే. కానీ కాలమ్ టైపును ఊహించే పని ఆర్ కూడా చేస్తుంది. దాని ఊహ మన డేటాకు అన్నిసార్లూ సరిపోదు. డ్వాక్రా సంఘాల సభ్యుల ఫైల్లో లింగం కాలమ్ అంతా ఎఫ్ అనే ఉంటుంది కదా. ఒక్క ఎం కూడా లేకపోతే ఆర్ ఆ కాలమ్‌ను ఫాల్స్‌గా చదువుతుంది. ఎందుకంటే ఆర్‌లో ఒంటరి టీ, ఎఫ్‌లకు ట్రూ, ఫాల్స్ అని అర్థం. మగవాళ్లూ ఉన్న ఫైలు అయితే అక్షరాలుగానే వస్తుంది. ఈ రెండు ఫైళ్లను తర్వాత కలిపితే లింగం కాలమ్‌లో ఎఫ్, ఎం, ఫాల్స్ అని మూడు రకాలు తేలతాయి. దేశాల రెండక్షరాల కోడ్లున్న ఫైల్లో నమీబియా కోడు ఎన్ఏ. ఆర్‌కు ఎన్ఏ అంటే ‘విలువ లేదు’ అని. నమీబియా మాయమవుతుంది. దీన్ని కాల్‌క్లాసెస్ కూడా ఆపదు. ఏ గుర్తులను ‘విలువ లేదు’గా తీసుకోవాలో చెప్పే ఎన్ఏ.స్ట్రింగ్స్‌కు వేరే విలువ ఇవ్వాల్సిందే. గ్రామ కోడ్లు, రేషన్ కార్డు నంబర్లు, ఖాతా నంబర్లు చూడ్డానికి అంకెలే అయినా వాటితో కూడికలు చేయం కాబట్టి చివరిదాకా అక్షరాలుగానే ఉంచాలి. ఆర్ సంఖ్యలను దాచుకునే పద్ధతిలో 16వ అంకె దగ్గర్లోనే ఖచ్చితత్వం పోతుంది కూడా.

అక్షరాలుగా తెచ్చుకున్నాక అంకెలు కావాల్సిన కాలమ్‌లను ఒక్కొక్కటిగా మార్చాలి. ఇక్కడ తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆర్ పట్టికలో ఒక కాలమ్‌కు ఒకే రకం ఉంటుంది. 5,000 దిగుబడి అంకెల మధ్య ఒక్క గడిలో ‘నిల్’ అనో, రెండు డాష్‌లో, ‘12 క్వి.’ అనో ఉంటే ఊహకు వదిలేసిన ఆర్ మొత్తం 5,000 గడులనూ అక్షరాలుగా తెస్తుంది. సగటు అడిగితే ఎన్ఏ అంటుంది. మన పద్ధతి కామాలూ అంతే. 1,25,000 అన్నది యాజ్.న్యూమరిక్‌కు అంకె కాదు, ఎన్ఏ. ముందు జీసబ్‌తో కామాలు తీసేసి మార్చాలి. రీడ్ఆర్ అనే ప్యాకేజీ (ఆర్‌కు అదనంగా జోడించుకునే కమాండ్ల కట్ట)లోని పార్స్_నంబర్ అయితే కామాలను అదే వదిలేస్తుంది. మార్చేటప్పుడు ‘ఎన్ఏస్ ఇంట్రడ్యూస్డ్ బై కొయెర్షన్’ అన్న హెచ్చరిక వస్తే దాటేయకూడదు. మార్చకముందు విలువ ఉండి, మార్చాక ఎన్ఏ అయిన గడులేవో అడగండి. ఈజ్.ఎన్ఏతో ఒక్క వరుస కోడు చాలు. ఆ గడుల్లోని అసలు అక్షరాలను యూనీక్‌తో చూస్తే పది, పదిహేను రకాలకు మించి ఉండవు. ‘నిల్’ అంటే సున్నానా, సమాచారం రాలేదా అన్నది ఆఫీసుకు ఫోన్ చేసి తెలుసుకోవాల్సిన విషయం, ఆర్ చెప్పేది కాదు. 99, 999 వంటి కోడ్లు మరీ మోసం చేస్తాయి. వయసు కాలమ్‌లో 999 ‘చెప్పలేదు’ అని అర్థమైతే, అది అంకెగానే చక్కగా ఎక్కి సగటు వయసును పెంచేస్తుంది. ఖాళీ గడుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంకెల కాలమ్‌లో ఖాళీని ఆర్ ఎన్ఏగా తీసుకుంటుంది, అక్షరాల కాలమ్‌లో తీసుకోదు, ఉత్త ఖాళీగానే ఉంచేస్తుంది. అందుకే ఎన్ఏ.స్ట్రింగ్స్‌లో ఖాళీనీ, డాష్‌నీ మీరే చేర్చాలి.

ఆర్ 4.0.0 కంటే పాత వెర్షన్ ఉన్న కళాశాల ల్యాబుల్లో మరో గొడవ ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్‌కు ముందు అక్షరాల కాలమ్‌లన్నీ ఫ్యాక్టర్లుగా, అంటే ఒక్కో రకం విలువకు లోపల ఒక వరుస నంబరు వేసిన కాలమ్‌లుగా వచ్చేవి. ఫ్యాక్టర్‌ను నేరుగా యాజ్.న్యూమరిక్‌తో మారిస్తే మీ అంకెలు రావు, ఆర్ లోపల వేసుకున్న 1, 2, 3 వరుస నంబర్లు వస్తాయి. హెచ్చరిక ఉండదు. వెర్షన్ మార్చుకోండి, అది ఉచితమే కదా.

వరుసల సంఖ్య సరిపోవడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ కామా, కొటేషన్ గుర్తుల్లో ఒకటి. చిరునామా కాలమ్‌లో ‘గాంధీ నగర్, 3వ వీధి’ అని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే ఆ కామా దగ్గర ఒక కాలమ్ అదనంగా పుడుతుంది. కాలమ్‌ల సంఖ్యను రీడ్.సీఎస్‌వీ మొదటి ఐదు వరుసలు చూసే నిర్ణయిస్తుంది. తర్వాత ఎక్కడో ఒక వరుస పొడవుగా ఉంటే మిగిలిన ముక్కను కొత్త వరుసగా కింద పెట్టేస్తుంది, పొట్టిగా ఉంటే ఖాళీ గడులతో నింపేస్తుంది. రెండింటికీ ఎర్రర్ రాదు. ఒక్కో వరుసలోని ముక్కలను లెక్కించే కౌంట్.ఫీల్డ్స్ ఫలితాన్ని టేబుల్ కమాండుకు ఇస్తే ఎన్నేసి ముక్కలున్న వరుసలు ఎన్ని ఉన్నాయో తేలిపోతుంది. సెప్ దగ్గర కామా, కోట్ దగ్గర డబుల్ కొటేషన్ ఇవ్వడం మరచిపోకండి. కొటేషన్ గుర్తు తెరిచి మూయకపోతే ఇంకా ఘోరం. బోరుబావుల ఫైల్లో కేసింగ్ 6 అంగుళాలు అని రాయడానికి 6 పక్కన డబుల్ కొటేషన్ పెడతారు. ఆర్ దాన్ని మాట మొదలు అనుకుని, మళ్లీ అలాంటి గుర్తు వచ్చేదాకా మధ్యలోని బావులన్నిటినీ ఒకే గడిలో మింగేస్తుంది. రీడ్.టేబుల్ వాడితే ఒంటి కొటేషన్‌తోనూ ఇదే బాధ. ‘విమెన్స్ కాలేజీ’ని ఇంగ్లిష్‌లో రాస్తే మధ్యలో ఆ గుర్తు ఉంటుంది. ‘ఈఓఎఫ్ వితిన్ కోటెడ్ స్ట్రింగ్’ అన్న హెచ్చరిక వచ్చిందంటే వరుసలు పోయాయనే లెక్క. కోట్‌కు ఖాళీ విలువ ఇస్తే ఇది ఆగుతుంది, కానీ సరిగా కొటేషన్లలో పెట్టిన చిరునామాలు అప్పుడు విడిపోతాయి. మీ ఫైల్లో ఏది ఎక్కువో నోట్‌ప్యాడ్‌లో చూసి తేల్చుకోవాలి.

తేదీల దగ్గర ఆర్ నోరు మెదపకుండా తప్పు చేస్తుంది. 15-08-2023 అన్న తేదీని ఫార్మాట్ చెప్పకుండా యాజ్.డేట్‌కు ఇస్తే, ముందు వచ్చేది సంవత్సరం అనుకుని క్రీస్తుశకం 15వ సంవత్సరం ఆగస్టు 20 అని చదువుతుంది. మన పద్ధతి తేదీలకు శాతం గుర్తు డి, డాష్, శాతం గుర్తు ఎం, డాష్, శాతం గుర్తు పెద్ద వై అని ఫార్మాట్ ఇవ్వాలి. అక్కడ చిన్న వై పడితే రెండంకెల సంవత్సరం అనుకుని 2023లో 20 వరకే చదివి 2020 చేస్తుంది, 2019ని కూడా 2020 చేస్తుంది. నిజంగానే రెండంకెల సంవత్సరాలున్న ఫైళ్లలో 69 నుంచి 99 వరకు 1900లుగా, 00 నుంచి 68 వరకు 2000లుగా తీసుకుంటుంది. వృద్ధాప్య పింఛన్ల ఫైల్లో 15-08-47న పుట్టిన వ్యక్తి 2047లో పుడతాడు. ఈ రోజు కంటే తర్వాతి పుట్టిన తేదీలు ఉన్నాయా అని ఒకసారి అడిగి, ఉన్నవాటి నుంచి వందేళ్లు తీసేయాలి. ఎక్సెల్ నుంచి 44927 వంటి ఐదంకెల సంఖ్య వస్తే కంగారు పడనక్కర్లేదు. అది 1899 డిసెంబరు 30 నుంచి లెక్కించిన రోజులు. యాజ్.డేట్‌లో ఆరిజిన్‌గా ఆ తేదీ ఇస్తే 2023 జనవరి 1 అని వస్తుంది. అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్లో తెరిచి సేవ్ చేసిన ఫైలైతే మాత్రం ఇబ్బందే. 03-04 మార్చి 4 అయిపోయి ఉంటుంది, 25-04 మాత్రం అక్షరాలుగా మిగిలి ఉంటుంది. అలాంటప్పుడు కొత్తగా ఫైలు అడగడమే మంచిది.

తెలుగు అక్షరాలున్న ఫైళ్ల గురించి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చెప్పవు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాం. ఎక్సెల్‌లో ‘సేవ్ యాజ్’ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఆ ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తెలుగు చేయలేదు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న ఎంపిక అదే జాబితాలో విడిగా ఉంటుంది, దాన్నే వాడాలి. అలా సేవ్ చేసిన ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తు ఉంటుంది. అది మొదటి కాలమ్ పేరుకు అతుక్కుని, ‘జిల్లా’ అనే కాలమ్ మీ ఎదుటే ఉన్నా ‘లేదు’ అని ఆర్ అంటుంది. ఫైల్‌ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-బామ్ అని ఇస్తే పోతుంది. విండోస్ మీద ఆర్ 4.2.0 కంటే పాత వెర్షన్‌లో ‘త’ అక్షరం బదులు కోణపు బ్రాకెట్ల మధ్య యూ+0సీ24 అని కనిపించవచ్చు. డేటా చెడిపోలేదు, చూపించడమే చేతకాలేదు. 2022లో వచ్చిన 4.2.0 నుంచి విండోస్ 10, 11లలో ఇది సర్దుకుంది. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాలది వేరే సంగతి. వాటిలో ఉన్నది తెలుగు కోడు కాదు, ఫాంటు వేస్తేనే తెలుగులా కనిపించే ఇతర గుర్తులు. ముందు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులూ గుడింతాలూ కంటితో సరిచూసి, ఆ తర్వాతే ఆర్‌కు ఇవ్వాలి.

యూనికోడ్‌లోనూ ఒక చిక్కు మిగులుతుంది. రెండు ఫైళ్లను ఊరి పేరు మీద మెర్జ్ చేస్తే, అంటే జతకలిపితే, సగం ఊళ్లు కలవవు, చూస్తే పేర్లు ఒకేలా ఉంటాయి. ‘వరంగల్’ చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని పెడతాయి, దాని సంఖ్య 200సీ. ఒక ఫైల్లో అది ఉండి మరో దానిలో లేకపోతే ఆర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఎన్‌క్యార్‌తో అక్షరాల సంఖ్య అడిగితే ఒకటి తేడా వస్తుంది, అదే ఆనవాలు. కైకలూరులోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ దాచవచ్చు. చూపుకు తేడా ఉండదు. జీసబ్‌తో 200సీని తీసేసి, స్ట్రింగి ప్యాకేజీలోని స్ట్రి_ట్రాన్స్_ఎన్ఎఫ్‌సీ నడిపితే ఈ రెండూ సర్దుకుంటాయి. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన పేర్ల చివర ఉండే విడిపోని స్పేస్‌ను ట్రిమ్‌డబ్ల్యూఎస్ మామూలుగా తీయదు. దాని వైట్‌స్పేస్ విలువను మార్చి చెప్పాలి. ఇంత చేసినా అనంతపురం, అనంతపూర్ కలవవు. అందుకే పేర్ల మీద కాకుండా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని కోడ్ల మీద కలపాలని గట్టిగా చెబుతాం.

జిల్లాల విషయంలో సంవత్సరం కూడా చూడాలి. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు, 2016 అక్టోబరు నుంచి 31, 2019 ఫిబ్రవరి నుంచి 33. ఆంధ్రప్రదేశ్‌లో 13గా ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2011 జనగణన ఫైల్లో ఉమ్మడి రాష్ట్రపు 23 జిల్లాలే ఉంటాయి, కోడ్లు ఆదిలాబాద్ 532 నుంచి చిత్తూరు 554 దాకా. పాత ‘వరంగల్’, కొత్త ‘వరంగల్’ పేరు ఒక్కటే అయినా భూమి ఒక్కటి కాదు. మెర్జ్ చక్కగా జరిగినా ఫలితం తప్పే.

శాఖలు ఇచ్చే ఎక్సెల్ పట్టికల్లో పైన రెండు మూడు వరుసల శీర్షిక, కలిపేసిన గడులు, మధ్యలో డివిజన్ల ఉప మొత్తాలు, అడుగున ‘మొత్తం’, దాని కింద గమనిక ఉంటాయి. రీడ్ఎక్స్ఎల్ ప్యాకేజీలోని రీడ్_ఎక్సెల్‌కు రేంజ్ ఇచ్చి, ఏ5 నుంచి హెచ్38 వరకు అని చెబితే అంతే తెస్తుంది. కలిపేసిన గడిలో విలువ ఎడమ పైమూల గడికే ఉంటుంది, మిగతావి ఎన్ఏలు. టైడీఆర్‌లోని ఫిల్‌తో వాటిని కిందికి నింపుకోవాలి. ‘మొత్తం’ వరుసను తీయకపోతే కూడిక సరిగ్గా రెట్టింపు వస్తుంది. ఉప మొత్తాలూ ఉంటే మూడింతలు. రీడ్_ఎక్సెల్ కూడా మొదటి 1,000 వరుసలు చూసే రకాన్ని ఊహిస్తుంది కాబట్టి కాల్_టైప్స్‌కు టెక్స్ట్ అని ఇవ్వడం ఇక్కడా క్షేమం.

పరిశోధక విద్యార్థులు ఎక్కువగా అడిగేది జాతీయ నమూనా సర్వేల ఫైళ్ల గురించి. కార్మిక శక్తి సర్వే పీఎల్ఎఫ్ఎస్ మొదటి సంవత్సరాల ఫైళ్లలో కామాలే ఉండవు. ఒక వ్యక్తి సమాచారమంతా విరామం లేని అంకెల వరుస. ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం దాకా ఏముందో చెప్పే లేఅవుట్ ఫైలు వేరుగా ఉంటుంది. ఆ లేఅవుట్‌లోని మొదలు, ముగింపు స్థానాలను రీడ్ఆర్ ప్యాకేజీలోని రీడ్_ఎఫ్‌డబ్ల్యూఎఫ్‌కు ఎఫ్‌డబ్ల్యూఎఫ్_పొజిషన్స్ ద్వారా ఇవ్వాలి. ఆర్‌లోనే ఉన్న రీడ్.ఎఫ్‌డబ్ల్యూఎఫ్ ఇంత పెద్ద ఫైళ్ల మీద చాలా నెమ్మది. ఒక్క స్థానం తప్పినా ఆ తర్వాతి కాలమ్‌లన్నీ జరిగిపోతాయి, అయినా అన్నీ అంకెలే కాబట్టి ఎర్రర్ రాదు. రాష్ట్రం కోడు కాలమ్‌ను టేబుల్‌కు ఇచ్చి చూడండి. ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. ఉండకూడని కోడ్లు కనిపిస్తే స్థానాలు తప్పాయి. 2017-18 సర్వేలో 1,02,113 కుటుంబాలు, 4,33,339 మంది వ్యక్తులు అని నివేదికలోనే ఉంది. మొదటి సందర్శన ఫైళ్లలో మీకు వచ్చిన వరుసలు అంతే ఉండాలి. వెయిట్ కాలమ్‌ను (నమూనాలోని ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె) అలాగే వాడకూడదు. అందులో దశాంశ బిందువు రాయలేదు. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అన్న రెండు కాలమ్‌లు సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనా కావాలంటే త్రైమాసికాల సంఖ్యతో కూడా భాగించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లు స్టాటా, ఎస్‌పీఎస్ఎస్ రూపాల్లో దొరుకుతాయి, హేవన్ ప్యాకేజీ చదువుతుంది. అక్కడ మహిళల వెయిట్ వీ005ను 10 లక్షలతో భాగించాలి. ఐదో సర్వేలో మహిళలు 7,24,115 మంది, కాలమ్‌లు వేలల్లో. మొత్తం తెచ్చుకుంటే ల్యాప్‌టాప్ మెమరీ సరిపోదు. ఆర్ ఒక్కో సంఖ్యకు 8 బైట్లు తీసుకుంటుంది. పది లక్షల వరుసలు, వంద కాలమ్‌లు అంటేనే 80 కోట్ల బైట్లు. కాల్_సెలెక్ట్‌తో కావాల్సిన ఇరవై ముప్ఫై కాలమ్‌లే తెచ్చుకుని, ఒకసారి శుభ్రం చేశాక సేవ్‌ఆర్‌డీఎస్‌తో దాచుకుంటే రకాలూ, తెలుగు అక్షరాలూ చెదరకుండా మళ్లీ తెరుచుకుంటాయి.

ఈ బాధల్లో చాలావరకు ఫైలు ఇచ్చేవాళ్ల దగ్గరే ఆపవచ్చు. ప్రభుత్వ సమాచారాన్ని యంత్రాలు చదవగల రూపంలో ఇవ్వాలని జాతీయ డేటా పంపిణీ విధానం 2012లోనే చెప్పింది. రెండు రాష్ట్రాల శాఖలూ పట్టికను స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా కాకుండా యూటీఎఫ్-8 సీఎస్‌వీగా ఇవ్వాలి. ఒక వరుసకు ఒకే రికార్డు ఉండాలి, మొత్తాలు వేరే ఫైల్లో పెట్టాలి, తేదీలు సంవత్సరం-నెల-రోజు క్రమంలో రాయాలి, ప్రతి ఊరి పేరు పక్కన కోడు ఉండాలి, కోడ్ల అర్థాలు చెప్పే చిన్న పత్రం, మొత్తం వరుసల సంఖ్య జతచేయాలి. ఆఫీసులో ఇప్పుడున్న కంప్యూటర్లతోనే ఇది సాధ్యం, ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. మీ పత్రిక వెబ్‌సైట్‌లో ఎన్నికల ఫలితాలు, వర్షపాతం పట్టికలు బొమ్మలుగా పెడుతున్నప్పుడు వాటి కింద సీఎస్‌వీ లింకు ఒకటి ఇస్తే మా విద్యార్థులకు ఎంతో ఉపయోగం.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ఐరిస్ బదులు ఒక ముడి ఫైలు ఇవ్వండి. అందులో 1,25,000 రూపంలో అంకెలు, రెండు రకాల తేదీలు, పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఉన్న ఊరి పేర్లు, అడుగున ఒక ‘మొత్తం’ వరుస ఉండనివ్వండి. శుభ్రం చేసిన పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఎన్ని గడులు ఎన్ఏ అయ్యాయి, ఎందుకయ్యాయి అన్న మూడు ప్రశ్నలకు సగం మార్కులు కేటాయించండి.

ఇట్లు,
డిగ్రీ, పీజీ స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ బోధించే అధ్యాపకులు